డ్రాఫ్టులో పేరు రాని అమెరికన్ ఆటగాడు ఎక్కడికి వెళ్లాలి? బాస్కెట్‌బాల్ విదేశీ లీగుల పోలిక

2008లో ఎన్‌బీఏ (అమెరికా అగ్రశ్రేణి బాస్కెట్‌బాల్ లీగు) డ్రాఫ్టులో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే చోట, పిలిచిన 60 పేర్లలో కైల్ హైన్స్ పేరు లేదు. అతను ఆడేది బుట్ట దగ్గర ఉండే సెంటర్ స్థానంలో, ఎత్తు 1.98 మీటర్లు. ఎన్‌బీఏ జట్లు ఆ స్థానానికి అంతకన్నా బాగా పొడవైనవాళ్లను వెతుకుతాయి. కాలేజీ కూడా నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరో, జాతీయ టీవీలో అరుదుగా కనిపించే జట్టు. హైన్స్ ఇటలీ రెండో డివిజన్‌లో, రోము నగరానికి ఆగ్నేయంగా ఉన్న వెరోలీ అనే చిన్న ఊరి క్లబ్బులో చేరాడు. రెండేళ్ల తర్వాత జర్మనీలోని బాంబర్గ్. అక్కడి నుంచి గ్రీసులోని ఒలింపియాకోస్. 2012, 2013లో వరుసగా రెండుసార్లు యూరప్ క్లబ్బుల అగ్ర పోటీ అయిన యూరోలీగ్ కప్పు. మాస్కో క్లబ్బు సీఎస్‌కేఏతో 2016, 2019లో మరో రెండు. మూడుసార్లు యూరోలీగ్ ఉత్తమ డిఫెండర్. చివరి నాలుగేళ్లు మిలాన్‌లో ఆడి 2024లో ఆట విరమించాడు. ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

హైన్స్ గురించి మాట్లాడేటప్పుడు అందరూ ఆ నాలుగు కప్పుల దగ్గర ఆగుతారు. విదేశంలో ఆడాలనుకునే కుర్రాడు మాత్రం వెరోలీ, బాంబర్గ్ దగ్గర ఆగి చూడాలి. వెరోలీకి పేరు లేదు, కానీ అక్కడ అతను జట్టు భారం మోశాడు. ఆ ఆట బాంబర్గ్‌కు నచ్చింది; బాంబర్గ్‌లో ఆడిన ఆట ఒలింపియాకోస్‌కు నచ్చింది. నా సలహా అంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది. మొదటి విదేశీ కాంట్రాక్టు రెండో కాంట్రాక్టును తెచ్చిపెట్టేలా ఉండాలి. అందులో రాసిన మొత్తం కన్నా కోర్టు మీద దొరికే నిమిషాలు, వేళకు అందే డబ్బు, మంచి పిలుపు వస్తే బయటపడే దారి ఎక్కువ బరువైనవి.

కాలేజీ ఆట ముగిసి, ఎన్‌బీఏ కాంట్రాక్టు చేతిలో లేని 22, 23 ఏళ్ల ఆటగాడిని దృష్టిలో పెట్టుకుని ఈ పోలిక రాస్తున్నాను. అర్ధరాత్రి దాటాక మేలుకుని యూరోలీగ్ చూసే మనవాళ్లకు ఆ తెర మీది అమెరికన్లు ఏ దారిలో అక్కడికి చేరారో తెలుస్తుంది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో బడి జట్టుకో కాలేజీ జట్టుకో ఆడుతున్న పిల్లలుంటే ఇది నేరుగా పనికొస్తుంది.

ముందుగా, ఇంటి దగ్గరే ఉండిపోతే

విదేశం వెళ్లకపోతే ఉన్న దారి జీ లీగ్, ఎన్‌బీఏకు అనుబంధంగా నడిచే చిన్న లీగు. 2024-25 సీజనులో అక్కడి మామూలు జీతం 43,000 డాలర్లు. వసతి, ఆరోగ్య బీమా ఉంటాయి. ఎన్‌బీఏ జట్ల కళ్లు ప్రతి మ్యాచ్ మీదా ఉంటాయి, అదే దాని అసలు ఆకర్షణ.

ఎన్‌బీఏ జట్టుకూ దాని జీ లీగ్ జట్టుకూ ఆడే టూ-వే కాంట్రాక్టు దొరికితే లెక్క పూర్తిగా మారుతుంది. అదే సీజనులో దానికి సుమారు 5,78,000 డాలర్లు వచ్చాయి. 50 మ్యాచ్‌ల దాకా ఎన్‌బీఏ జట్టుతోనే ఉండవచ్చు. అయితే ఒక్కో జట్టుకు అలాంటి చోట్లు మూడే, 30 జట్లకు కలిపి 90. ఆ 90లో ఒకటి చేతికి అందితే ఇంకో ఆలోచన పెట్టుకోకుండా ఉండిపోవాలి. అందకపోతే ఒక సీజను జీ లీగ్‌లో చూడడం తప్పేమీ కాదు. రెండో ఏడూ అదే జీతానికి, అదే ఆశతో ఉండడం మాత్రం నేను సమర్థించను. జీ లీగ్‌లో వేగంగా పరుగెత్తి చేసిన పాయింట్లను యూరప్ కోచ్‌లు తక్కువ చేసి చూస్తారు. వాళ్లకు కావలసింది అర్ధకోర్టు ఆటలో, ఇరుకైన చోట, సరైన పాస్ ఇవ్వగలవాడు. అది చూపించే వీడియో లేకుండా ఇరవై అయిదేళ్లు నిండితే అక్కడా తలుపులు ఇరుకవుతాయి.

యూరప్: ఒక పేరు కింద ఎన్నో మార్కెట్లు

యూరప్ వెళ్తున్నానని చెప్పేవాణ్ణి ముందు అడగవలసిన ప్రశ్న, ఏ దేశం, ఏ డివిజన్ అని. ఆట నియమాలు అన్నిచోట్లా ప్రపంచ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబావే: నలభై నిమిషాల మ్యాచ్, అయిదు ఫౌళ్లకు బయటికి, మూడు పాయింట్ల గీత 6.75 మీటర్ల దూరంలో. ఎన్‌బీఏలో ఆ గీత పై భాగంలో 7.24 మీటర్లు. డిఫెన్స్‌లో మూడు సెకన్ల నియమం లేదు కాబట్టి పొడవాటి సెంటర్ బుట్ట కిందే నిలబడిపోవచ్చు. కాలేజీలో దూసుకెళ్లి పాయింట్లు చేసిన గార్డుకు (బంతి నడిపే, ఎత్తు తక్కువ ఆటగాడికి) మొదటి నెల గోడను ఢీకొట్టినట్టు అనిపించేది ఇందుకే. రోజుకు రెండు పూటలా సాధన, మ్యాచ్‌లు వారానికి ఒకటో రెండో. ప్రమోషన్, రెలిగేషన్ ఉండడం ఇంకో పెద్ద తేడా. జట్టు అట్టడుగుకు జారితే కింది డివిజన్‌కు పడిపోతుంది. ఆ భయంలో క్లబ్బు ముందుగా మార్చేది విదేశీ ఆటగాడినే. మూడు మ్యాచ్‌లు చెడితే కొత్త అమెరికన్ విమానం దిగుతాడు.

మొదటి ఏడాదికి నా మొదటి ఓటు జర్మనీకి. మ్యాచ్ జాబితాలోని పన్నెండు మందిలో కనీసం ఆరుగురు జర్మన్లు ఉండాలన్నది అక్కడి నియమం. మిగిలిన ఆరు చోట్లలో అమెరికన్లదే పెద్ద వాటా, ఆట భారం కూడా వాళ్ల మీదే పడుతుంది. లైసెన్సు ఇచ్చే ముందు లీగు క్లబ్బుల ఆర్థిక స్థితిని గట్టిగా పరిశీలిస్తుంది. జీతం వేళకు పడుతుందన్న పేరు ఆ దేశానికి ఊరికే రాలేదు. జీతం స్పెయిన్ పెద్ద క్లబ్బుల స్థాయిలో ఉండదు. ఉండనక్కర్లేదు కూడా, ఎందుకంటే ఒక మంచి సీజను తర్వాత ఆ పెద్ద క్లబ్బులే వెతుక్కుంటూ వస్తాయి.

పీజే టక్కర్ దారి చూడండి. 2006లో ఎన్‌బీఏ జట్టు టొరంటో రాప్టర్స్ 35వ ఎంపికగా తీసుకుని ఏడాది తిరగకుండానే వదిలేసింది. అతను ఇజ్రాయెల్‌లోని హపోయెల్ హోలోన్‌కు వెళ్లి 2008లో ఆ జట్టును జాతీయ ఛాంపియన్‌ను చేశాడు. తర్వాత ఉక్రెయిన్, మళ్లీ ఇజ్రాయెల్, గ్రీసు, ఇటలీ. చివరికి బాంబర్గ్ జట్టుతో 2012 జర్మన్ టైటిల్, ఫైనల్స్‌లో ఉత్తమ ఆటగాడి పురస్కారం. ఆ వేసవిలోనే ఫీనిక్స్ సన్స్ పిలిచింది. 2021లో మిల్వాకీతో ఎన్‌బీఏ ఛాంపియన్ అయ్యాడు. కాలేజీలో పాయింట్లు చేసే ఆటగాడిగా పేరున్న మనిషి, ఎదుటి జట్టులోని ఎవరినైనా ఆపగల డిఫెండర్‌గా తిరిగొచ్చాడు. ఆ అయిదేళ్ల తిరుగుడు అతన్ని తిరిగి తయారు చేసింది.

ఫ్రాన్స్‌ను కూడా జర్మనీ పక్కనే ఉంచుతాను. అక్కడి లీగు క్లబ్బుల ఖాతాలను ఏటా తనిఖీ చేస్తుంది, బడ్జెట్ దాటితే శిక్షలుంటాయి. ఆట వేగంగా, శరీర బలంతో సాగుతుంది కాబట్టి అమెరికన్‌కు అలవాటు పడడం సులువు. ఇటలీ రెండో డివిజన్‌కు ప్రత్యేకమైన విలువ ఉంది. ఒక్కో జట్టుకు ఇద్దరే విదేశీయులు కాబట్టి బంతి వాళ్ల చేతుల్లోనే తిరుగుతుంది. హైన్స్ అక్కడి నుంచే వచ్చాడు. 2012లో ఏ జట్టూ డ్రాఫ్టులో తీసుకోని మైక్ జేమ్స్ కూడా ఇటలీ కింది డివిజన్‌లో ఆడాడు. గ్రీసులో రోడ్స్ దీవి క్లబ్బు, స్పెయిన్‌లో బస్కోనియా దాటుకుని పైకి వచ్చాడు. 2024లో మొనాకో జట్టుకు ఆడుతూ యూరోలీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు, ఆ లీగు చరిత్రలో అత్యధిక పాయింట్ల రికార్డూ అతని పేరు మీదకు వచ్చింది.

స్పెయిన్ ఏసీబీ యూరప్‌లోకెల్లా బలమైన దేశీయ లీగు అన్నది చాలామంది మాట, నాదీ అదే. కానీ మొదటి ఏడాదికి అది మంచి చోటు అనుకోను. కోచ్‌లు పదిమందిని తిప్పి తిప్పి ఆడిస్తారు, ఇరవై నిమిషాలు దొరికితే గొప్ప. ఐరోపా సమాఖ్యకు బయటి ఆటగాళ్లకు జట్టులో రెండే చోట్లు. అందుకే అక్కడ కోటోనూ పాస్‌పోర్టు అన్న మాట తరచూ వినిపిస్తుంది. ఐరోపా సమాఖ్యతో కోటోనూ ఒప్పందం చేసుకున్న ఆఫ్రికా, కరీబియన్ దేశాల పౌరసత్వం ఉంటే ఆ కోటాలో లెక్కించరు. తాతముత్తాతల వల్ల ఐర్లండ్, ఇటలీ, పోలండ్ పాస్‌పోర్టు తెచ్చుకోగల అమెరికన్‌కు జీతం వెంటనే పెరగడానికి కారణం ఇదే. భారత సంతతి పిల్లలకు ఈ వెసులుబాటు లేదు. పైగా అమెరికా పౌరులైన మన పిల్లలు ఓసీఐ కార్డుతో భారత జాతీయ జట్టుకు ఆడలేరు. 2008 నుంచి భారత పాస్‌పోర్టు తప్పనిసరి. ఫిలిప్పీన్స్, జపాన్, టర్కీ అమెరికన్లను పిలిచి పౌరసత్వం ఇచ్చి ఆడించుకుంటున్న రోజుల్లో, రక్తసంబంధం ఉన్న పిల్లలకు ఇక్కడ తలుపు మూసి ఉండడం నన్ను నిజంగా బాధిస్తుంది.

గ్రీసు, టర్కీ సంగతి రెండు పాళ్లుగా చూడాలి. పైనున్న పెద్ద క్లబ్బులు యూరప్‌లో అందరికన్నా ఎక్కువ జీతాలిచ్చే వరుసలో ఉన్నాయి. కిందకు దిగేకొద్దీ బకాయిల గొడవలు ఎక్కువవుతాయి. అక్టోబరు జీతం జనవరిలో, జనవరి జీతం ట్రైబ్యునల్ తీర్పు తర్వాత అన్నట్టు ఉంటుంది. టర్కీలో లీరా విలువ పడిపోవడంతో డాలర్లలో, యూరోలలో జీతం ఇవ్వాల్సిన చిన్న క్లబ్బులు ఇంకా నలిగిపోయాయి. అలాగని ఆ దేశాన్ని వదిలేయమనను. షేన్ లార్కిన్ 2018లో బోస్టన్ నుంచి ఇస్తాంబుల్‌లోని అనడోలు ఎఫెస్‌కు వెళ్లాడు. 2019 నవంబరులో బయర్న్ మ్యూనిక్ మీద ఒకే మ్యాచ్‌లో 49 పాయింట్లు చేసి యూరోలీగ్ రికార్డు రాశాడు. 2020లో టర్కీ పౌరసత్వం, 2021, 2022లో రెండు యూరోలీగ్ కప్పులు. ఎన్‌బీఏలో బెంచి మీది గార్డుగా ఉండేవాడు ఒక నగరానికి ఆరాధ్యుడయ్యాడు. అయితే అతను వెళ్లింది తిరుగులేని క్లబ్బుకు, ఎన్‌బీఏ అనుభవంతో. కాలేజీ దాటగానే వెళ్లేవాడికి ఆ దేశంలో దొరికేది వేరే స్థాయి క్లబ్బు.

ఇజ్రాయెల్ చాలాకాలం అమెరికన్లకు అన్నిటికన్నా సులువైన దేశం. ఇంగ్లిష్ అందరికీ వచ్చు, అమెరికన్లతో ఆడించే అలవాటు ఎప్పటిదో. ఆంథొనీ పార్కర్ ఎన్‌బీఏలో నిలవలేక మక్కాబీ టెల్ అవీవ్‌కు వెళ్లాడు. 2004, 2005లో యూరోలీగ్ గెలిచాడు, 2005, 2006లో యూరోలీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు. 2005 అక్టోబరులో మక్కాబీ టొరంటోకు వెళ్లి రాప్టర్స్‌ను 105-103తో ఓడించినప్పుడు గెలుపు షాటు అతనిదే. మరుసటి ఏడాది రాప్టర్సే అతన్ని తీసుకుంది. తిరిగి ఎన్‌బీఏకు వెళ్లే దారుల్లో దీనికన్నా అందమైనది నాకు తెలియదు. కానీ 2023 అక్టోబరు తర్వాత చాలామంది అమెరికన్లు ఆ దేశం వదిలి వెళ్లారు, మక్కాబీ తన యూరోలీగ్ సొంత మ్యాచ్‌లను బెల్‌గ్రేడ్‌లో ఆడవలసి వచ్చింది. ఒకప్పుడు హైన్స్ లాంటివాళ్లకు గొప్ప జీతాలిచ్చిన రష్యా క్లబ్బులను 2022 ఫిబ్రవరి చివర్లో యూరోలీగ్ నిలిపివేసింది. ఇప్పుడు అక్కడ ఆడితే యూరప్ పెద్ద క్లబ్బుల ఎదుట నిలబడే అవకాశం ఉండదు. జీతం ఎంత చూపినా కొత్త ఆటగాడికి అది సరైన చోటు కాదని నా అభిప్రాయం.

యూరోలీగ్‌లోనే నేరుగా అడుగుపెట్టవచ్చా అని అడిగేవాళ్లుంటారు. 2025-26లో 20 జట్లు, ఒక్కో జట్టుకు 38 మ్యాచ్‌లు, వాటికి తోడు సొంత దేశపు లీగు. అంత ఒత్తిడిలో కోచ్ కొత్తవాడికి నేర్పుతూ కూర్చోడు. రెండు మూడేళ్ల తర్వాత చేరాల్సిన చోటు అది.

చైనా: డబ్బు నిజమే, తలుపు వెనక గడియ కూడా నిజమే

చైనాలో విదేశీ ఆటగాడి పని ఒక్కటే, పాయింట్లు చేయడం. జిమ్మర్ ఫ్రెడెట్ షాంఘై షార్క్స్ తరఫున 2017లో ఒక మ్యాచ్‌లో 73, 2018లో ఇంకో మ్యాచ్‌లో 75 పాయింట్లు చేశాడు. ఆ తర్వాత గ్రీసులోని పనథినైకోస్‌కు వెళ్లినప్పుడు అలాంటి సంఖ్యలు రాలేదు. అది అతని లోపమని నేను అనను. అక్కడ అడిగే ఆటే వేరు.

చైనాలో మనసు పెట్టి నిలబడితే ఏం జరుగుతుందో చెప్పడానికి స్టెఫాన్ మార్బరీ ఉన్నాడు. 1996లో డ్రాఫ్టులో నాలుగో ఎంపిక, ఎన్‌బీఏ ఆల్‌స్టార్. 2010లో షాన్‌షీకి, తర్వాత ఫోషాన్‌కు, చివరికి 2011లో బీజింగ్ డక్స్‌కు వెళ్లాడు. 2012, 2014, 2015లో ఆ జట్టును ఛాంపియన్‌ను చేశాడు. బీజింగ్‌లో అతనికి విగ్రహం పెట్టారు, చైనా శాశ్వత నివాస కార్డు ఇచ్చింది. డబ్బు తీసుకుని ఫిబ్రవరిలో ఇంటికి పోదామన్న లెక్కతో వెళ్లినవాళ్లకు ఇది జరగలేదు.

కానీ 2011 లాకౌట్ (ఆటగాళ్లతో ఒప్పందం కుదరక యజమానులు లీగును ఆపేయడం) కూడా గుర్తుంచుకోవాలి. ఎన్‌బీఏ ఆగిపోయినప్పుడు డెరన్ విలియమ్స్ ఇస్తాంబుల్‌లోని బెషిక్తాష్‌కు వెళ్లాడు. లాకౌట్ ముగియగానే తిరిగి వెళ్లవచ్చన్న షరతు కాంట్రాక్టులో ఉంది, అలాగే తిరిగొచ్చాడు. జేఆర్ స్మిత్, కెన్యన్ మార్టిన్, విల్సన్ చాండ్లర్ చైనా వెళ్లారు. ఎన్‌బీఏ మొదలైనా చాలా వారాలపాటు వాళ్లకు విడుదల పత్రం రాలేదు. ఒకే వేసవిలో, ఒకే కారణంతో వెళ్లినవాళ్ల మధ్య తేడా తెచ్చింది ఆ షరతే. కాబట్టి చైనా ఎవరికి? తన సొంతంగా ఎవరి మీదనైనా పాయింట్లు చేయగలిగి, ఎన్‌బీఏ పిలుపు కోసం రోజూ ఫోను చూసుకోని, ఇరవై ఎనిమిది దాటిన ఆటగాడికి. కాలేజీ నుంచి నేరుగా వెళ్లమని నేను చెప్పను.

జపాన్, కొరియా, ఫిలిప్పీన్స్

జపాన్ బీ లీగ్ 2016లో రెండు పాత లీగులు కలిసి పుట్టింది. శని, ఆదివారాల్లో ఒకే ప్రత్యర్థితో వరుసగా రెండు మ్యాచ్‌లు, సీజనులో 60. ఊళ్లు శుభ్రం, ప్రయాణాలు సుఖం, జీతం చెప్పిన తేదీకి. ఒకేసారి కోర్టు మీద ఇద్దరు విదేశీయులే ఉండే పద్ధతిలో ఎదిగిన లీగు కావడంతో క్లబ్బులు ఎక్కువగా పొడవైనవాళ్లనే తెచ్చుకున్నాయి. గార్డులుగా జపానువాళ్లు సరిపోతారు. 1.85 మీటర్ల అమెరికన్ గార్డుకు అక్కడ చోటు దొరకడం కష్టం, 2.08 మీటర్లుండి దూరం నుంచి షాట్ వేయగలవాడికి ఎర్ర తివాచీ. 2026లో లీగు కొత్త రూపం తీసుకుంటోంది. పై శ్రేణి బీ ప్రీమియర్‌లో జట్టు జీతాల మొత్తానికి 80 కోట్ల యెన్ల పరిమితి పెట్టారు. నేను జపాన్‌ను ముప్పై దాటిన, భార్యాపిల్లలున్న పెద్ద ఆటగాడికి అన్నిటికన్నా పైన పెడతాను. అమెరికాలోని యూసీఎల్ఏ విశ్వవిద్యాలయం జట్టుతో 1995 కాలేజీ ఛాంపియన్ అయిన జేఆర్ హెండర్సన్ అక్కడే ఉండిపోయి, 2007లో పౌరసత్వం తీసుకుని, జేఆర్ సకురాగిగా జపాన్ జాతీయ జట్టుకు ఆడాడు.

కొరియా గురించి ఒక్క మాట. 2018-19లో విదేశీయుల ఎత్తు రెండు మీటర్లు దాటకూడదన్న నియమం తెచ్చారు. ముందు సీజనులో పాయింట్ల పట్టికలో అగ్రస్థానంలో ఉన్న డేవిడ్ సైమన్ కొలతలో కొద్దిగా ఎక్కువ తేలి లీగునే వదలాల్సి వచ్చింది. మరుసటి ఏడాదే నియమం ఎత్తేశారు. విదేశీయుల నియమాలు ఏటా మారే చోటికి రెండేళ్ల ప్రణాళిక వేసుకుని వెళ్లకూడదు.

ఫిలిప్పీన్స్ తీరే వేరు. అక్కడి లీగు పీబీఏలో ఏడాదికి మూడు టోర్నీలు. అందులో ఫిలిప్పీన్ కప్‌లో విదేశీయులకు చోటే లేదు, మిగిలిన వాటిలో జట్టుకు ఒక్కడు, అతనికీ చాలాసార్లు ఎత్తు పరిమితి. ఆ ఒక్కడి మీద దేశమంతా కళ్లు పెట్టుకుని ఉంటుంది. ఓడితే వారంలో ఇంటికి పంపుతారు. గెలిస్తే జస్టిన్ బ్రౌన్లీ అవుతారు. 2016 నుంచి బరంగాయ్ జినెబ్రాకు ఆడి ఎన్నో కప్పులు తెచ్చాడు, 2023 జనవరిలో అక్కడి పౌరసత్వం పొందాడు, ఆ అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఫిలిప్పీన్స్‌కు 1962 తర్వాత తొలి బంగారు పతకం అందించిన జట్టులో ఉన్నాడు. వేరే లీగు సీజను ముగిశాక రెండు మూడు నెలలు ఆడడానికి ఇది మంచి చోటు. ఏడాది పొడవునా ఆధారపడదగిన జీవనోపాధిగా మాత్రం ఒకరిద్దరికే పనిచేసింది.

ఆస్ట్రేలియా

ఇంగ్లిష్ మాట్లాడే దేశం, నమ్మకమైన క్లబ్బులు, నలభై నిమిషాల గట్టి ఆట. జట్టుకు మామూలుగా ముగ్గురు విదేశీయులు. సీజను ఫిబ్రవరి, మార్చి నాటికి ముగియడం వల్ల వసంతంలో ప్యూర్టోరికో, ఫిలిప్పీన్స్ లాంటి చోట రెండో జీతం సంపాదించుకోవచ్చు. ప్రావిడెన్స్ కాలేజీ నుంచి వచ్చి 2014 డ్రాఫ్టులో మిగిలిపోయిన బ్రైస్ కాటన్, 2017 జనవరిలో పెర్త్ వైల్డ్‌క్యాట్స్‌లో చేరాడు. అక్కడ ఆడుతూ మూడు టైటిళ్లు, అయిదుసార్లు లీగు ఉత్తమ ఆటగాడు. చిన్న గార్డుకు జపాన్‌లో లేని చోటు ఇక్కడ ఉంది. యూరప్ పెద్ద క్లబ్బుల జీతం ఇక్కడ రాదు, అది ఒప్పుకుని వెళ్లాలి.

పద్దెనిమిదేళ్ల పిల్లలు కాలేజీ మానేసి ఇక్కడికి రావడం కొన్నేళ్ల కిందట పెద్ద వార్త. లమెలో బాల్ 2019-20లో ఇల్లవారా హాక్స్‌కు 12 మ్యాచ్‌లు ఆడి, 2020 డ్రాఫ్టులో మూడో ఎంపికయ్యాడు. అంతకుముందు 2008లో బ్రాండన్ జెన్నింగ్స్ రోముకు వెళ్లి, చాలాసేపు బెంచి మీద గడిపి, అయినా 2009లో పదో ఎంపికయ్యాడు. అమెరికన్ కుర్రాళ్లకు ఈ దారిలో ఇప్పుడు పెద్దగా అర్థం లేదు. 2021 జులై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు, 2025 జులై నుంచి కాలేజీలే నేరుగా చెల్లిస్తున్నాయి. ఇప్పుడు యూరప్ కుర్రాళ్లే అమెరికా కాలేజీలకు వస్తున్నారు. మీ ఇంట్లో పద్దెనిమిదేళ్ల ఆటగాడికి కాలేజీ పిలుపు ఉంటే విదేశీ క్లబ్బు ఉత్తరాన్ని పక్కన పెట్టండి.

ఆడపిల్లల లెక్క వేరు

పురుషులకు విదేశం ఎన్‌బీఏ దొరకనివాళ్ల దారి. మహిళలకు చాలా ఏళ్లపాటు అగ్రశ్రేణి ఆటగత్తెలందరి దారీ అదే, ఎందుకంటే అసలు డబ్బు అక్కడే ఉండేది. అమెరికా స్టార్ డయానా టౌరాసీకి రష్యాలోని యెకటెరిన్‌బర్గ్ క్లబ్బు ఏడాదికి సుమారు 15 లక్షల డాలర్లిచ్చేది. అమెరికాలో ఆమె జీతం లక్ష డాలర్ల చిల్లర. 2015లో అమెరికా మహిళల లీగు డబ్ల్యూఎన్‌బీఏ సీజను మానేసి విశ్రాంతి తీసుకోవడానికి కూడా ఆ క్లబ్బే డబ్బిచ్చింది. ఏడాది పొడవునా ఆడిన శరీరాలు దానికి ధర చెల్లించాయి. 2019 ఏప్రిల్‌లో మహిళల యూరోలీగ్ ఫైనల్లో బ్రియానా స్టూవర్ట్ మడమ వెనక స్నాయువు తెగి ఆ ఏడాది డబ్ల్యూఎన్‌బీఏ అంతా పోగొట్టుకుంది. 2022 ఫిబ్రవరిలో అదే యెకటెరిన్‌బర్గ్ క్లబ్బుకు వెళ్తున్న బ్రిట్నీ గ్రైనర్‌ను మాస్కో విమానాశ్రయంలో గంజాయి నూనె ఉన్న గొట్టాల కారణంగా అరెస్టు చేశారు. తొమ్మిదేళ్ల శిక్ష వేసి, డిసెంబరులో ఖైదీల మార్పిడిలో విడిచిపెట్టారు. తన రాష్ట్రంలో చట్టబద్ధమైనది వెళ్లే దేశంలో జైలుకు పంపగలదన్న సంగతి మగవాళ్లకూ అంతే వర్తిస్తుంది.

కొంత అనుభవమున్న డబ్ల్యూఎన్‌బీఏ ఆటగత్తెలు శిక్షణ శిబిరానికి వేళకు చేరకపోతే ఆ సీజను ఆడనివ్వరన్న నియమం 2024లో అమల్లోకి వచ్చింది. 2025 జనవరిలో ఫ్లారిడాలో అన్‌రైవల్డ్ లీగు మొదలైంది, చలికాలం ఇంటి దగ్గరే ఆడవచ్చు. కాబట్టి పెద్ద పేరున్నవాళ్లకు విదేశం తప్పనిసరి కాదు. డబ్ల్యూఎన్‌బీఏలో చోటు దొరకని ఆటగత్తెలకు మాత్రం టర్కీ, హంగేరీ, స్పెయిన్, ఫ్రాన్స్ ఇంకా మంచి చోట్లే. ఆస్ట్రేలియా సీజను డబ్ల్యూఎన్‌బీఏకు అడ్డు రాదు కాబట్టి రెండూ కావాలనుకునేవాళ్లకు అదే అనుకూలం.

సంతకానికి ముందు చూడాల్సినవి

రెండు క్లబ్బుల నుంచి రెండు ఉత్తరాలు వచ్చాయనుకోండి, ఒకటి జర్మనీ నుంచి, ఇంకోటి యాభై శాతం ఎక్కువ జీతంతో బకాయిల పేరున్న లీగు నుంచి. ముందు ఫీబా వెబ్‌సైటు తెరవండి. బకాయిలు తీర్చనందుకు కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా నిషేధం పడ్డ క్లబ్బుల పేర్లు బయటే ఉంటాయి. ఆ జాబితాలో ఉన్న క్లబ్బు మీకు ఎంత ఇస్తానన్నా అది కాగితం మీది అంకె.

తర్వాత కాంట్రాక్టులో వివాద పరిష్కారం గురించిన పేరా వెతకండి. బాస్కెట్‌బాల్ ఆర్బిట్రల్ ట్రైబ్యునల్ అని స్పష్టంగా రాసి ఉండాలి. 2007లో ఫీబా ఏర్పాటు చేసిన ఈ ట్రైబ్యునల్ కేంద్రం జెనీవా. విచారణ ఇంగ్లిష్‌లో, ఎక్కువగా కాగితాల మీదే, న్యాయంగా ఏది సబబో అన్న ప్రమాణంతో సాగుతుంది. తీర్పును క్లబ్బు పట్టించుకోకపోతే ఫీబా నిషేధం పడుతుంది. ఈ పేరా లేకుండా స్థానిక కోర్టుకే వెళ్లాలని రాసి ఉంటే, భాష తెలియని దేశంలో ఏళ్ల తరబడి తిరగాలి. ఏజెంటుకు ఫీబా లైసెన్సు ఉందో లేదో కూడా అదే చోట చూసుకోవచ్చు. యూరప్‌లో ఏజెంటు కమిషన్ మామూలుగా క్లబ్బే ఇస్తుంది. ఆటగాడి జీతంలోంచి కోస్తానంటే కారణం అడగాలి.

వైద్య పరీక్ష గడువు చూడండి. దిగిన రెండు మూడు రోజుల్లో పరీక్ష ముగిసి, ఆ తర్వాత జీతం పూర్తి హామీలోకి రావాలి. ఆట నచ్చితేనే అన్న ప్రయోగ కాలం ఉంటే అది కాంట్రాక్టు కింద లెక్కకు రాదు. ఎన్‌బీఏ పిలిస్తే ఎంత చెల్లించి బయటపడవచ్చో, ఏ తేదీ దాకానో అంకెల్లో రాయించుకోవాలి. ఆ మొత్తంలో ఎన్‌బీఏ జట్టు కొంత పరిమితి వరకే భరిస్తుంది, మిగిలింది ఆటగాడి జేబులోంచే.

చివరిది పన్ను. దీన్ని మొదటి ఏడాది దాదాపు ఎవరూ పట్టించుకోరు. యూరప్ క్లబ్బులు సాధారణంగా చేతికందే జీతం చెబుతాయి, స్థానిక పన్ను తామే కడతామంటాయి. కానీ అమెరికా తన పౌరుడి సంపాదన ప్రపంచంలో ఎక్కడిదైనా లెక్క అడుగుతుంది. విదేశంలో సంపాదించినదానిలో 2024కు 1,26,500 డాలర్ల వరకు మినహాయింపు ఉంది. దానికి ఒక మార్గం పన్నెండు నెలల్లో 330 రోజులు దేశం బయట ఉండడం. ఆగస్టులో వెళ్లి మే నెలలో తిరిగొచ్చి వేసవంతా ఇంట్లో గడిపే ఆటగాడికి అన్ని రోజులు రావు. అప్పుడు విదేశంలో నిజంగా స్థిరనివాసం ఉన్నట్టు చూపాలి, లేదా అక్కడ కట్టిన పన్నును ఇక్కడ తగ్గించుకోవాలి. రెండోదానికి క్లబ్బు నిజంగా పన్ను కట్టినట్టు ఆటగాడి పేరు మీద రసీదు కావాలి. ఆ రసీదు ఇస్తామని కాంట్రాక్టులోనే ఒక వాక్యం రాయించుకుని, సీజను చివరి జీతంతో పాటే అడిగి తీసుకోవాలి. వేసవిలో క్లబ్బు ఆఫీసుకు పంపిన ఈమెయిళ్లకు జవాబు రావడం అరుదు.